పచ్చ గీతల గ్లాసు

మా అమ్మాయి లూసీ స్ప్రింగ్ బ్రేక్ సెలవులకి కెంటకీ కొండల్లోకి సేవ చెయ్యడానికి వెళ్తానంటే మా ఆయన సామ్యూల్ నమ్మలేదు. ఆయన కార్ల కంపెనీలో ఇంజనీరు. ఆఫీసులో ప్రతివాడికీ కాలేజీ చదివే పిల్లలున్నారు. మార్చి రాగానే ఆ పిల్లలంతా ఫ్లోరిడా సముద్రం ఒడ్డుకు పోయి బీరు తాగి ఎండలో పడుకుంటారని ఆ తండ్రులే లంచ్ దగ్గర చెప్పుకుని నవ్వుకుంటారు. ఆ కబుర్లు విని విని, స్ప్రింగ్ బ్రేక్ అన్న మాట చెవిన పడితేనే ఈయనకు ఒళ్లు మండేది. సేవ చెయ్యాలంటే డెట్రాయిట్‌లో పేదవాళ్లు లేరా, అంత దూరం పోవాలా అని అడిగాడు. ఆ ప్రశ్నలో న్యాయం లేకపోలేదు. కానీ ఆయన అసలు బాధ వేరు. మగపిల్లలూ ఆడపిల్లలూ ఒకే వ్యాన్‌లో పోయి, ఏదో చర్చి కింద ఒకే హాల్లో వారమంతా పడుకుంటారట. అదీ బాధ.

ఇది 1984 నాటి మాట. అప్పుడు మేం డెట్రాయిట్ పక్కన ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉండేవాళ్లం. లూసీ కేథలిక్ సిస్టర్లు నడిపే కాలేజీలో రెండో సంవత్సరం చదువుతోంది. మేం తాతల నాటి నుంచీ బాప్టిస్టు మిషన్ వాళ్లం. పిల్లను సిస్టర్ల కాలేజీలో చేర్చినందుకే మా తెలుగు సంఘంలో కొందరు మూతులు తిప్పారు. సిస్టర్లయితే ఆడపిల్లను అదుపులో పెడతారని పట్టుబట్టి చేర్పించింది సామ్యూలే. తీరా ఆ సిస్టర్లే పిల్లను మగపిల్లలతో కలిపి కొండలకు తీసుకెళ్తుంటే ఆయన ఎవరితో మొరపెట్టుకుంటాడు?

లూసీ వెళ్లి సిస్టర్ మార్గరెట్ దగ్గర ఏడ్చినట్టుంది. ఈ సేవ ఏర్పాట్లన్నీ ఆవిడవే. ఆవిడ నాకు ఫోన్ చేసి, సుత్తులూ రంపాలూ పట్టుకునే పిల్లలు, ఒక నర్సు వెంట ఉంటే బాగుంటుంది, మీరు రాగలరా అని అడిగింది. నేను ఆలోచించుకునే లోపే సామ్యూల్ ఒప్పుకున్నాడు, మా హాస్పిటల్లో నా సెలవులు ఆయన చేతిలో ఉన్నట్టు. లూసీ మొహం మాడిపోయింది.

"అమ్మా, నువ్వు వస్తే నేను డై అయిపోతా," అంది.

"ఏం కావులే. బ్యాండేజీలు నేనే తెస్తన్నాగా," అన్నాను.

బయల్దేరే ముందు రోజు దాని గదిలోకి వెళ్లాను. పెన్నులు పెట్టుకునే గ్లాసును బల్ల మీద బోర్లించి ఏదో పెన్సిలు వెతుక్కుంటోంది. ఆ గ్లాసు మా అమ్మది. అంచు కింద రెండు పచ్చ గీతలుంటాయి. ఇండియా నుంచి వచ్చేటప్పుడు చీరల మడతల్లో పెట్టుకుని తెచ్చాను. లూసీ చిన్నప్పుడు ముచ్చటపడితే ఇచ్చేశాను గానీ దాని కథ చెప్పలేదు. మెల్లగా పట్టుకోవే, పగులుద్ది అన్నాను. "ఇట్స్ జస్ట్ ఎ గ్లాస్, అమ్మా," అంది నా వైపు చూడకుండా.

చెప్పని కథలు నా దగ్గర ఇంకా ఉన్నాయి. మాది బాపట్ల దగ్గర అని మాత్రం లూసీకి తెలుసు. అక్కడ ఊరు వేరు, పల్లె వేరు అని తెలియదు. మాది పల్లె, మాదిగపల్లె. ఆ సంగతి పిల్ల చెవిన వెయ్యకూడదని నేనూ సామ్యూలూ ఎప్పుడూ కూర్చుని అనుకోలేదు, కానీ అనుకున్నంత గట్టిగానే పాటించాం. ఇంత దూరం వచ్చింది దాన్ని వెంటబెట్టుకుని రావడానికా అనేది నా వాదన. ఆ వాదన ఇప్పటికీ నాకు పూర్తిగా తప్పనిపించదు.

వ్యాన్ నిండా పిల్లలు, సంచులు, పనిముట్లు. సిస్టర్ మార్గరెట్ డ్రైవ్ చేసింది. ఆవిడ పక్కన నేను. లూసీ నాకు ఎంత దూరంగా కూర్చోవచ్చో అంత దూరంగా వెనక సీట్లో కూర్చుంది. ఒహాయో దాటేదాకా పిల్లలు పాటలు పాడారు, తర్వాత జపమాల చెప్పారు. మరియమ్మ పేరు వచ్చినప్పుడల్లా నేను కిటికీలోంచి బయటికి చూశాను. మా బాప్టిస్టులకు అది అలవాటు లేదు, కానీ అన్ని గొంతులు కలిసి అంత నెమ్మదిగా ఒకే మాట చెప్తుంటే బాగానే ఉందని ఒప్పుకోవాలి.

కెంటకీలో ఒక చిన్న టౌన్‌లో కేథలిక్ చర్చి కింది హాలు మాకు బస. ఆడపిల్లలు ఒక వైపు, మగపిల్లలు ఇంకో వైపు. నడుమ సరిహద్దు దళం లాగా నేనూ సిస్టరూ పక్కలు వేసుకున్నాం. ఆ సంగతి ఫోన్‌లో చెప్తే సామ్యూల్ నిట్టూర్చిన చప్పుడు నాకు మిషిగన్ నుంచి స్పష్టంగా వినిపించింది.

మొదటి సాయంత్రం అందర్నీ గుండ్రంగా కూర్చోబెట్టి, మధ్యలో కొవ్వొత్తి వెలిగించి సిస్టర్ నియమాలు చెప్పింది. ఈ వారం రేడియో వద్దు, వాచీలు వద్దు, కబుర్లకంటే పని ఎక్కువ ఉండాలి. తర్వాత ఇంకొక్కటి చెప్పింది. మనం పనిచేసే ఇళ్లల్లో ఏమీ తినకూడదు, తాగకూడదు. బొగ్గు గనులు మూతబడి వాళ్ల దగ్గరున్నదే కొంచెం, అడిగితే అదీ పెట్టేస్తారు. మన తిండి, మన నీళ్లు మనమే పట్టుకెళ్దాం, ఎవరికీ భారం కావద్దు అంది. పిల్లలందరూ తలలూపారు. నేనూ ఊపాను. మంచి మాటే కదా అనుకున్నాను.

మర్నాడు, సోమవారం, రెండు గుంపులయ్యాం. సిస్టర్ కొందరిని తీసుకుని ఒక ఇంటికి రంగు వెయ్యడానికి వెళ్లింది. మిగతావాళ్లం ఓపల్ అనే ఆవిడ ఇంటికి. ఆవిడకు అరవై ఏళ్లుంటాయి, చువ్వలా ఉంటుంది, ఎప్పుడూ ఏప్రన్ కట్టుకునే ఉంటుంది. ఆవిడ భర్త ఎర్ల్. గనిలో పైకప్పు కూలి నడుం కింద చచ్చుబడింది. చక్రాల కుర్చీ అయితే ఎవరో ఇచ్చారు గానీ, వాకిట్లోకి దిగాలంటే నిటారుగా ఉన్న చెక్క మెట్లు. ఇద్దరు మగవాళ్లు వచ్చి ఎత్తుకుంటే తప్ప ఆయన గుమ్మం దాటలేడు. పోయిన శీతాకాలం ముందు నుంచీ దాటలేదట. మా పని, మెట్ల బదులు కుర్చీ దొర్లేలా ఏటవాలుగా చెక్క దారి కట్టడం. శుక్రవారానికి అయిపోవాలి, ఎందుకంటే శనివారం పొద్దున్నే మా వ్యాన్ తిరుగు ప్రయాణం.

ఎర్ల్ కిటికీ పక్కనే కూర్చుని మా పని చూసేవాడు. ఆ కిటికీలోంచి వాగుకు అవతల వాళ్ల చర్చి కనిపిస్తుంది. మాలాగే బాప్టిస్టులు, కాకపోతే పాత పద్ధతి వాళ్లు. పుస్తకాలు పట్టుకోరు. ఒకడు ఒక లైను చెప్తే మిగతా సంఘమంతా దాన్ని సాగదీసి పాడుతుంది. ఆ చెప్పేవాడు ఎర్లే. ఆయన కిటికీ దగ్గర కూనిరాగం తీస్తుంటే నా చేతిలో పని ఆగిపోయింది. మా పల్లె చర్చిలో మా నాన్న అచ్చం అట్లాగే చెప్పి పాడించేవాడు. చదువు రాని వాళ్లకు పాట అందించాలంటే వేరే దారి ఏముంది? ఈ దారి పూర్తయితే వచ్చే ఆదివారం తన చోట తను నిలబడతానని, అదే, కూర్చుంటానని ఎర్ల్ నాతో చెప్పి నవ్వాడు. ఆయనకు ఇంకే కోరికా ఉన్నట్టు లేదు.

పిల్లలు బాగానే పనిచేశారు. వాళ్లకు పెద్ద ప్యాట్రిక్ అనే కుర్రాడు. వాళ్ల నాన్న వడ్రంగి కావడంతో కొలతలూ కోతలూ వాడే చూసుకునేవాడు. నేను చీలికలు గుచ్చుకున్న వేళ్లకు కట్లు కట్టేదాన్ని. మొదటి రోజు మధ్యాహ్నం ఓపల్ బయటికి వచ్చి, మొక్కజొన్న రొట్టె, చిక్కుడు గింజలు వండాను, లోపలికి రండి అంది. ప్యాట్రిక్ చేతులు కట్టుకుని ఎంతో మర్యాదగా, థాంక్యూ మేడమ్, మేం తెచ్చుకున్నాం అన్నాడు. అందరం వ్యాన్ దగ్గరికి పోయి వేరుశనగ వెన్న రాసిన బ్రెడ్డు తిన్నాం. నీళ్లకు ఒక పెద్ద నారింజ రంగు డ్రమ్ము ఉంది, కింద కుళాయితో. అందులోంచి కాగితం కప్పులతో తాగాం.

తర్వాతి రోజు ఆవిడ జగ్గు నిండా ఐస్ టీ తెచ్చి అరుగు మీద పెట్టింది. ఎవరూ ముట్టుకోలేదు. పిల్లలకు నోరూరుతోందని నాకు తెలుస్తూనే ఉంది, కానీ నియమం నియమమే. అందరూ నవ్వుతూ థాంక్యూ చెప్పారు. బుధవారం ఆవిడ బయటికి రాలేదు. ఎర్ల్ కిటికీ దగ్గర ఉన్నాడు గానీ పాట లేదు.

గురువారం మధ్యాహ్నం తలుపు తెరుచుకుంది. ఓపల్ చేతులు ఏప్రన్‌కి తుడుచుకుంటూ అరుగు మీద నిలబడింది. మీ పని బాగుంది, ఇక చాలు, రేపు రావద్దు, మిగిలింది మా మేనల్లుడు ఎప్పుడైనా చేస్తాడు అని చెప్పి లోపలికి వెళ్లి తలుపేసుకుంది. చెక్క దారి కింది ముక్క ఇంకా పడలేదు. దాని మీద కుర్చీ దొర్లిస్తే మనిషి మోకాలెత్తు నుంచి నేల మీద పడతాడు. ప్యాట్రిక్ సుత్తి చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు. ఒకమ్మాయి ఏడుపు మొదలుపెట్టింది.

ఏం తప్పు చేశామని పిల్లలు ఒకర్నొకరు అడుక్కున్నారు. మనం కేథలిక్‌లమని అయ్యుంటుందని ఒకరు, దానం తీసుకోవడం నామోషీ అయ్యుంటుందని ఇంకొకరు. లూసీ నా దగ్గరికి వచ్చి, ఎవరికీ వినపడకుండా, మన వల్లేమో అమ్మా, బ్రౌన్ పీపుల్ కదా అంది. నిజం చెప్పాలంటే నాకూ మొదట అదే తోచింది. తోచగానే ఒళ్లు మండింది కూడా. ఇంత దూరం వచ్చి, వీళ్ల ఇంటి ముందు చీలికలు తీసుకుంటూ కూర్చుంటే ఇదా మర్యాద అనుకున్నాను. మందుల పెట్టె అరుగు మీద ఉండిపోయింది. దాన్ని తెచ్చుకుని ఆవిడ మొహం మళ్లీ చూడకూడదనుకుంటూ మెట్లెక్కాను.

పెట్టె కిటికీ కిందే ఉంది. వంగి తీసుకుని లేస్తుంటే లోపలి బల్ల కనిపించింది. దాని మీద ఉతికిన గుడ్డ పరిచి ఉంది. గుడ్డ మీద గాజు గ్లాసులు బోర్లించి ఉన్నాయి, మా అందరికీ సరిపడా. ఒక్కోటి ఒక్కో రకం. కొన్ని పక్కింటి నుంచి అడిగి తెచ్చినవి అయ్యుంటాయి. సోమవారం నుంచీ అవి అక్కడే ఉన్నాయని చూడగానే తెలిసిపోయింది. వాటి పక్కన బల్లకు ఆనుకుని ఓపల్ నిలబడి ఉంది. ఏడవడం లేదు. ఏడవకుండా ఉండటానికి మనిషి ఎట్లా నిలబడుతుందో నాకు తెలుసు, మా అమ్మ అట్లా నిలబడటం చూశాను.

పెట్టె అక్కడే పెట్టేసి వ్యాన్ దగ్గరికి వెళ్లాను. డ్రమ్మును ఈడ్చుకొచ్చి వాకిట్లో పెట్టి, మూత తీసి, పక్కకు వంచేశాను. నీళ్లన్నీ గడ్డిలోకి పోయాయి. లూసీ పరిగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"అమ్మా, వాట్ ఆర్ యు డూయింగ్? సిస్టర్ రూల్ ఉంది కదా," అంది.

"నువ్వు కూడా రా. వచ్చి నా ఎనక నిలబడు," అన్నాను.

తలుపు కొట్టాను. ఓపల్ కొంచెమే తెరిచింది. నాకు దాహంగా ఉంది, మంచినీళ్లు ఇస్తావా అని అడిగాను. మీకు మీ నీళ్లున్నాయిగా అంది. పారబోశాను అన్నాను. ఆవిడ నా భుజం మీదుగా వాకిట్లోకి చూసింది. బోర్లా పడున్న డ్రమ్మును కాసేపు చూసి తలుపు పూర్తిగా తెరిచింది. బల్ల మీది గ్లాసు ఒకటి తీసి బావి నీళ్లు నింపి ఇచ్చింది. ఇనుము రుచి ఉంది. మొత్తం తాగి ఇంకో గ్లాసు అడిగాను. అదీ తాగాను.

"సోమవారం నుంచి దాహం వెయ్యలేదా మీకు?" అంది ఓపల్. గొంతు కటువుగా ఉంది గానీ కళ్లు అట్లా లేవు.

అప్పుడు చెప్పాను. ఇంగ్లీషులో ఎవరికీ చెప్పని సంగతి, ఆ మాటకొస్తే తెలుగులో కూడా. మా ఊళ్లో మమ్మల్ని అంటుకోరు, మేం ముట్టుకున్నది తినరు అని చెప్పాను. మా నాన్న పల్లెలో మిషన్ బడి పంతులు. ఒకసారి బడి చూడటానికి ఇన్‌స్పెక్టర్ గారు వస్తారని కబురొచ్చింది. మా అమ్మ బాపట్ల బజారుకు నడిచి వెళ్లి పచ్చ గీతల గ్లాసు ఒకటి కొనుక్కొచ్చింది. మా ఇంట్లో అప్పటిదాకా గాజు గ్లాసు లేదు. ముగ్గుతో తోమి, ఎండలో ఆరబెట్టి, కొత్త కుండలో నీళ్లు పోసి పెట్టింది. ఆయన వచ్చాడు. పిల్లలతో పద్యాలు చెప్పించుకున్నాడు, నాన్నను మెచ్చుకున్నాడు, బడికి పెంకుల కప్పు శాంక్షన్ చేస్తానన్నాడు, చేశాడు కూడా. మా అమ్మ గ్లాసు పళ్లెంలో పెట్టుకుని గుమ్మంలో నిలబడింది. ఆయన ఎంతో మర్యాదగా, వద్దమ్మా, మీకెందుకు శ్రమ అని, బంట్రోతు మోసుకొచ్చిన మరచెంబు మూత తిప్పి తన నీళ్లు తను తాగాడు. ఆయన చెడ్డవాడైతే మా అమ్మ మర్చిపోయేది. మంచివాడు కాబట్టి చచ్చిపోయేదాకా మర్చిపోలేదు. ఆ తర్వాత ఆ గ్లాసులో ఎవర్నీ నీళ్లు తాగనివ్వలేదు.

ఈ పిల్లలు అట్లాంటి వాళ్లు కాదు, మీ దగ్గరున్నది తరిగిపోకూడదని అట్లా చేశారు, కానీ చూసే కళ్లకు రెండూ ఒకలాగే ఉంటాయని నాకు ఇవాళ్టిదాకా తట్టలేదు అని ముగించాను. ఓపల్ కుర్చీలో కూర్చుంది. మా ఇల్లు శుభ్రంగా లేదనుకున్నారేమోనని రోజూ ఆ గ్లాసులు మళ్లీ కడుగుతున్నానని చెప్పింది. లోపలి గదిలోంచి ఎర్ల్, ఆ కడుగుడుకి అవి అరిగిపోయుంటాయి అన్నాడు. ఆవిడకు నవ్వొచ్చింది. నాకు ఏడుపొచ్చింది.

వెనక్కి తిరిగి చూస్తే గుమ్మం పట్టుకుని లూసీ. అంతా వింది.

రేపు అందరూ రావాలి, మధ్యాహ్నం ఇక్కడే తినాలి అంది ఓపల్. మీ పిల్లలు ఏం ఇష్టపడతారు అని అడిగింది. ఆలోచించకుండా కోడి అన్నాను. మా వైపు ఇంటికి మనిషొస్తే కోడి కొయ్యాల్సిందే, అంతకు మించిన మర్యాద నాకు తెలియదు. కోడి పెడితే ఎవరూ కాదనరు, నాదీ పూచీ అని గట్టిగా చెప్పి మరీ వచ్చాను.

ఆ సాయంత్రం నియమం సంగతి సిస్టర్‌తో తేల్చుకుందామని నడుం బిగించి వెళ్లాను. అవసరం పడలేదు. ఆవిడ అంతా విని, మనం తీసుకునేది ఎంత తగ్గించాలా అనే చూశాం, వాళ్లకు ఇచ్చే వీల్లేకుండా చేస్తున్నామని చూడలేదు అని ఒప్పుకుంది. రేపు రెండు గుంపులూ అక్కడికే వెళ్దాం, నేనూ వస్తాను అంది. లూసీ ఆ రాత్రి భోజనం దగ్గర నా పక్కకు వచ్చి కూర్చుంది.

శుక్రవారం అందరూ చెయ్యి వేసేసరికి పొద్దెక్కకముందే కింది ముక్క బిగించడం అయిపోయింది. ఓపల్, మేనల్లుడు కలిసి బల్లలు వాకిట్లో వేశారు. ప్యాట్రిక్ వెనక నుంచి పట్టుకోబోతే వద్దని, ఎర్ల్ తన కుర్చీ తనే దొర్లించుకుంటూ కిందికి వచ్చాడు. వచ్చి, వంగి, చేత్తో గడ్డి తడిమి చూసుకున్నాడు. పిల్లలు చప్పట్లు కొడదామనుకుని కూడా కొట్టలేకపోయారు.

అందరం కూర్చున్నాక ఓపల్ పెద్ద పళ్లెం తెచ్చి మీద గుడ్డ తీసింది. వేయించిన కోడి, గుట్టగా. వెనక కోళ్ల గూడు తలుపు తెరిచి ఉండటం అప్పుడు చూశాను. లోపల ఒక్క పెట్ట మిగిలింది. ఓపల్ పళ్లెం ముందుగా ప్యాట్రిక్ దగ్గర పెట్టింది. వాడు చెయ్యి చాపలేదు. ఆ పక్కమ్మాయి తల వంచుకుంది. అందరూ సిస్టర్ వైపు చూస్తున్నారు. నాకేమీ అర్థం కాలేదు.

లూసీ నా చెవిలో, "అమ్మా, ఇవాళ ఫ్రైడే. లెంట్‌లో ఫ్రైడే వీళ్లు మీట్ తినరు," అంది.

ఈస్టరుకు ముందొచ్చే ఈ నలభై రోజుల శ్రమకాలంలో మా సంఘంలో శుక్రవారం కూడికలుంటాయి గానీ కోడి తినొద్దని ఎవరూ అనరు. నిన్న మరచెంబు కథ చెప్పి, పూచీ ఇచ్చి, వంట సంగతి సిస్టర్‌కి చెప్పకుండా, ఒక్క పెట్ట తప్ప ఉన్న కోళ్లన్నీ కోయించింది నేను. ఇప్పుడు వీళ్లు వద్దంటే ఆ తలుపు మళ్లీ తెరుచుకోదు. వద్దనకపోతే వాళ్ల దేవుడి ముందు వాళ్లను తప్పు చేయించింది నేను. ఓపల్ మొహంలో నవ్వు ఇంకా ఉంది గానీ పళ్లెం పట్టుకున్న చెయ్యి కదలడం లేదు. కోడి ఇష్టం లేకపోతే లోపల పంది మాంసం ఉంది, తెమ్మంటారా అంది.

సిస్టర్ మార్గరెట్ లేచింది. తన ప్లేటు పట్టుకుని బల్ల చుట్టూ తిరిగి ఓపల్ దగ్గరికి వెళ్లి నిలబడింది.

"నాకు తొడ ముక్క ఇష్టం. దొరుకుతుందా?" అంది.

ఓపల్ రెండు వేసింది. సిస్టర్ తన చోటికి వచ్చి, శిలువ గీసుకుని, అందరూ చూస్తుండగా కొరికింది. నమిలింది. బాగుందని చెప్పింది. అంతే, ప్యాట్రిక్ పళ్లెం మీద పడ్డాడు. వాడు వారమంతా వేరుశనగ వెన్నతో బతికిన మగపిల్లాడు. వాడి కళ్లు తడిగా ఉన్నాయి, మూతి నిండా నూనె.

లూసీ లేచి లోపలికి వెళ్లింది. బల్ల మీద బోర్లించి ఉన్న గ్లాసులన్నీ తెచ్చి, బావి నీళ్లు నింపి ఒక్కొక్కరికీ ఇచ్చింది. ఓపల్‌కి ఇచ్చేటప్పుడు రెండు చేతులతో ఇచ్చింది. అది నేను నేర్పింది కాదు. తినడం అయ్యాక ఎర్ల్ గొంతు సవరించుకుని ఒక లైను చెప్పాడు. మొదట నేనూ ఓపలూ సాగదీశాం. తర్వాతి లైనుకి పిల్లలు అందుకున్నారు.

గిన్నెలు కడిగేటప్పుడు సిస్టర్‌ని అడిగాను, ఇది మీకు పాపం కాదా, నా తప్పు వల్ల జరిగింది కదా అని. ఆవిడ పళ్లెం తుడుస్తూ, దానికి బదులు ఇంకో రోజు ఇంకేదైనా మానేస్తాను, ఆవిడకు ఈ మధ్యాహ్నం మళ్లీ రాదు కదా అంది. ఆవిడ మీద ఆ రోజు పుట్టిన గౌరవం నాకు ఇప్పటికీ తగ్గలేదు. మా తెలుగు సంఘంలో సిస్టర్ల మీద ఎవరైనా మూతి తిప్పితే ఊరుకోను.

తిరిగొచ్చేటప్పుడు లూసీ ముందు సీట్లో, నాకూ సిస్టర్‌కీ మధ్య ఇరుక్కుని కూర్చుంది. ఒహాయోలోకి వచ్చాక మెల్లగా, "అమ్మమ్మ గ్లాస్... నా పెన్స్‌దేనా?" అంది. అవునన్నాను. ఎందుకు చెప్పలేదని అడుగుతుందని భయపడ్డాను. అడగలేదు. నా చెయ్యి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది.

ఇంటికి వచ్చేసరికి సామ్యూల్ గుమ్మంలోనే ఉన్నాడు. మగపిల్లల సంగతి ఎట్టా అడగాలా అని మొహంలో కనిపిస్తోంది. లూసీ ఆయన్ను దాటుకుని సరాసరి పైకి వెళ్లి గ్లాసు తెచ్చింది. సింకులో సబ్బు పెట్టి, అడుగున పట్టిన ఇంకు మరక పోయేదాకా తోమింది. దీపం వెలుగుకు ఎత్తి చూసింది.

"దీంట్లో ఎవ్వరూ తాగలేదా?"

"ఎవ్వరూ తాగలేదు."

"అమ్మమ్మ కూడా?"

"అమ్మమ్మ కూడా."

నీళ్లు నింపుకుని, నిలబడి, ఒక్క చుక్క మిగలకుండా తాగింది. మళ్లీ నింపి వాళ్ల నాన్నకు ఇచ్చింది. సామ్యూల్ గ్లాసును చూశాడు, నన్ను చూశాడు. చెప్పేశానని ఆయనకు అర్థమైంది. కుర్చీ లాక్కుని కూర్చుని, రెండు చేతులతో అందుకుని తాగాడు. మగపిల్లల సంగతి ఇక అడగలేదు.

లూసీ పెన్నులు ఆ రోజు నుంచి కాఫీ కప్పులో ఉంటున్నాయి. గ్లాసు వంటింట్లో ఉంది. మా ఇంటికి ఎవరొచ్చినా ముందు దాంట్లోనే మంచినీళ్లిస్తాం.